ఎదుటి గుంటలు ఖాళీ అయితే

శృతి చదువుతున్న చదువు పేరు వాళ్ళ ఊళ్ళో చాలామందికి నోరు తిరిగేది కాదు. కంప్యూటర్ సైన్సు అన్నంతవరకూ పర్వాలేదు. ఆఖరి సంవత్సరంలో గేమ్స్ టెక్నాలజీ అనే పాఠం తీసుకుందని తెలిసేసరికి అరుగుల మీద పెద్దలంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆటలు నేర్చుకోడానికి రాజమండ్రి దాకా ఎందుకండీ? మా చావిడి వెనకాల రోజూ నేర్పుతున్నారుగా, గోళీలూ, బిళ్ళంగోడూను," అన్నాడు అప్పారావు. అందరూ గొల్లున నవ్వారు. శృతి తల్లి కూడా నవ్వబోయి, మొహం పక్కకి తిప్పుకుంది.

నవ్వనిది ఒక్క వెంకటరత్నమ్మ గారే. ఆవిడ శృతికి దొడ్డమ్మ. పిన్న వయసులోనే భర్త పోతే చెల్లెలి ఇంట్లో ఒక గది తీసుకుని, ఆ ఊరి ఎలిమెంటరీ బడిలో ఇరవయ్యెనిమిదేళ్ళు పంతులమ్మగా పనిచేసి రిటైరయింది. పొద్దున్నే దీపం పెట్టుకుని, వీధిలో ఎవరింట్లో జ్వరమో, ఎవరింట్లో పురుడో కనుక్కుని, చేతనైనది చేసి వస్తేగాని కాఫీ తాగని మనిషి. శృతికి అక్షరాలూ ఆవిడే దిద్దబెట్టింది, వామనగుంటలూ ఆవిడే నేర్పింది.

ఆ వామనగుంటలే శృతి కొంపమీదికి తెచ్చాయి.

అది రెండువేల ఎనిమిది. రాజమండ్రి పొలిమేరల్లో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో గేమ్స్ టెక్నాలజీ పాఠం పెట్టడం అదే మొదలు. పెట్టించింది అనంతకృష్ణ గారనే మేష్టారు. హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో మూడేళ్ళు పనిచేసి, తల్లికి పక్షవాతం వస్తే చూసుకోడానికి వెనక్కి వచ్చేసిన మనిషి. ఆయన పాఠంలో నలుగురే చేరారు. తెర మీద బంతి గోడకి తగిలిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది, వెలుగు ఇటునుంచి పడితే నీడ ఎటు సాగాలి, ఎదుటివాడు వెయ్యబోయే ఎత్తులన్నీ చెట్టు కొమ్మల్లా పరుచుకుని యంత్రం తన ఎత్తుని ఎలా ఏరుకుంటుంది, ఇవన్నీ ఆయన చెబుతుంటే శృతికి పురాణం వింటున్నట్టుండేది.

ఏడాది చివర ప్రతివాళ్ళూ ఒక ప్రాజెక్టు చేసి, బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడికి చూపించాలి. అది తప్పితే డిగ్రీ ఏడాది ఆగిపోతుంది. అప్పటి అలవాటు ఏంటంటే, హైదరాబాదులో తయారుగా దొరికే ప్రాజెక్టు సీడీ తెచ్చుకుని పేజీ మీద పేరు మార్చుకోవడం. శృతి తరగతిలో శ్రీకాంత్ అనే కుర్రాడు ఆస్పత్రి రికార్డుల ప్రాజెక్టు అలాగే తెచ్చుకుని, జనవరికే నిశ్చింతగా కూర్చున్నాడు. శృతి మాత్రం కంప్యూటర్ మీద వామనగుంటలు ఆడే ప్రోగ్రాము తనే రాయడం మొదలుపెట్టింది.

"ఏంటండీ శృతి గారూ, చింతగింజలు లెక్కెడుతున్నారా ఇంకా? పులుసు ఎప్పుడు పెడతారో చెబితే విస్తరి పట్టుకొస్తాం," అనేవాడు.

"ముందు మీ ఆస్పత్రిలో పేషెంట్లెవరో కనుక్కోండి. నిన్న మీ తెర మీద మగాయనకి రెండు కాన్పులైనట్టు చూపించింది," అనేది శృతి.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందు ఏడేసి గుంటలు, గుంటకి నాలుగేసి చింతగింజలు. ఒక గుంటలోవి తీసి తక్కిన గుంటల్లో వరసగా ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. పద్ధతి ప్రకారం కొన్ని గింజలు గెలుచుకుని ఒళ్ళో వేసుకుంటారు. ఎవరి గుంటలన్నీ ఖాళీ అయిపోతే వాళ్ళు ఓడినట్టు. కానీ దొడ్డమ్మ నేర్పిన ఆటలో ఇంకొక్క నియమం ఉంది. ఎదుటివాళ్ళ గుంటలన్నీ ఖాళీ అయితే, గెలుస్తున్నవాళ్ళు తమ ఒళ్ళోంచి నాలుగు గింజలు తీసి వాళ్ళ గుంటలో పెట్టాలి. "ఎదుటివాళ్ళని పస్తుంచి ఆడకూడదే," అనేది ఆవిడ. శృతి దాన్ని కూడా ప్రోగ్రాములో రాసింది. పందొమ్మిది లైన్లు పట్టింది. ప్రాజెక్టు పుస్తకంలో 'తెలుగు దేశపు సంప్రదాయ నియమం' అని గర్వంగా రాసుకుంది.

నాలుగు నెలలు ల్యాబే ఇల్లయింది. ల్యాబులో ముసలయ్య అనే అటెండరు ఉండేవాడు. పేరుకి తగ్గ వయసే. కరెంటు పోతే ఆ అమ్మాయి పని పోకూడదని, ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకటి శృతి కూర్చునే మిషనుకి తగిలించి ఉంచేవాడు. నాలుగింటికి తన టీలో సగం మూతలో పోసి తెచ్చి పక్కన పెట్టేవాడు. సాయంత్రం ఐదున్నరకి మాత్రం తాళంచెవులు చప్పుడు చేసుకుంటూ వచ్చి, "ఆయ్, అమ్మాయిగారండీ, ఇంక కట్టెయ్యాలండీ," అనేవాడు. శృతి ఎన్నిసార్లు ఆట ఆడి చూసుకున్నా, అతని పిలుపుతోనే ఆపేసి లేచేది. అందులో లోపం ఉందని ఆమెకి ఒక్కనాడూ తట్టలేదు.

మార్చి నెలాఖరున భీమవరం వైపు కాలేజీ నుంచి శ్రీరామరాజు గారు పరీక్షకుడిగా వచ్చారు. తెల్లచొక్కా, నెమ్మదైన మాట. శృతి బొమ్మలు చూపించింది. గింజ పడితే నీడ పడుతోంది, టక్కుమని చప్పుడు వస్తోంది. ఆయనకి నచ్చినట్టే ఉంది.

"బాగుందమ్మా. నువ్వు ఆడొద్దు. రెండు వైపులా మిషన్నే ఆడమను. ఈలోగా నేను కాఫీ తాగొస్తాను," అన్నారు.

కాఫీ తాగి వచ్చారు. ఆట నడుస్తోంది. పక్క గదిలో శ్రీకాంత్ ఆస్పత్రి చూసి వచ్చారు. ఆట నడుస్తోంది. ఒక వైపు ఖాళీ అవుతుంది, రెండో వైపు నుంచి నాలుగు గింజలు వస్తాయి. అవి తిరిగి తిరిగి మళ్ళీ ఖాళీ అవుతాయి, మళ్ళీ వస్తాయి. భోజనం చేసి వచ్చారు. ఎత్తుల లెక్క లక్ష దాటింది.

"ఇదేంటమ్మా, జీడిపాకం? ఎప్పుడు ముగుస్తుంది?"

ఎప్పుడు ముగుస్తుందో శృతికి తెలియదు. ఎప్పుడూ ముగియగా చూడలేదు.

"మా పెద్దమ్మాయి దగ్గర్నుంచీ మా ఇంట్లో ఆడేవాళ్ళే అందరూ. ఈ పెట్టే నియమం ఎక్కడా లేదు. ఇది సంప్రదాయమని ఎవరు చెప్పారు నీకు?"

"మా దొడ్డమ్మగారండీ."

వెనకాల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. రాజుగారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ముగింపు లేనిది ఆట కాదు, ప్రోగ్రామూ కాదు. పై గురువారం ఇంకో బ్యాచికి వస్తాను. అప్పటికి సరిచేసి చూపించు. లేకపోతే నేను ఫెయిలని రాయాల్సి ఉంటుందమ్మా," అన్నారు.

ఆయన వెళ్ళాక అనంతకృష్ణ గారు శృతి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "తప్పు నాది కూడా. మిషన్ని మిషన్తో ఆడించి చూడమని ముందే చెప్పాల్సింది. ఇప్పుడు దారి సులువే. ఆ పందొమ్మిది లైన్లూ తీసెయ్యి. ఆట తనంతట తనే ముగుస్తుంది."

శృతి తీసేసింది. నిమిషం పట్టలేదు. మిషన్ని మిషన్తో వెయ్యి ఆటలు ఆడించింది. వెయ్యీ ముగిశాయి. ప్రతి ఆటకీ ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. అంతా సవ్యంగా ఉంది. కానీ ఆ రోజు టీ తాగలేకపోయింది. దొడ్డమ్మ తనకి తప్పు నేర్పిందా? లేక తనే చిన్నతనంలో ఏదో విని ఏదో గుర్తుపెట్టుకుందా? వెళ్ళి అడిగితే తప్ప నిలువలేననిపించింది.

"ఒక్కసారి ఊరెళ్ళొస్తాను సార్," అంటే, మేష్టారు తన సొంత లాప్‌టాప్ తువ్వాల్లో చుట్టి చేతికిచ్చారు. "ఆవిడకి చూపించు. బస్సులో ఒళ్ళోనే పెట్టుకో. బ్యాటరీ గంటన్నర వస్తుంది, మీ ఊళ్ళో కరెంటు కోత ఉంటే."

కోత ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వసారాలో చాప వేసుకుని, తాటాకు విసనకర్ర పక్కన పెట్టుకుని, దొడ్డమ్మ ఆ యంత్రం ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఏ గుంటకి ఏ మీట నొక్కాలో రెండుసార్లు చెబితే సరిపోయింది. పావుగంటలో యంత్రాన్ని ఊడ్చేసింది. అవతలి ఏడు గుంటలూ ఖాళీ. తెర మీద 'మీరు గెలిచారు' అని పడింది.

ఆవిడ దాన్ని చదవనే లేదు. కళ్ళజోడు సర్దుకుని మీటల మీద వెతుకుతోంది.

"ఏమే, ఏది నొక్కాలి?"

"దేనికి దొడ్డమ్మా? అయిపోయింది. నువ్వే గెలిచావు."

"అయిపోవడమేంటే? దాని గుంటలన్నీ ఖాళీగా ఉన్నాయి, చూడు. నాలుగు గింజలు పెట్టాలి కదా పాపం. ఏ మీటతో పెడతారు?"

పెట్టే మీట లేదు. శృతే తీసేసింది. తల దించుకుని కాలేజీలో జరిగిందంతా చెప్పింది. లక్ష ఎత్తులు, రాజుగారి కళ్ళద్దాలు, వెనకాల నవ్వు, గురువారం, అన్నీ.

వెంకటరత్నమ్మ గారు విసనకర్ర తీసుకుని శృతికి విసరడం మొదలుపెట్టింది. చాలాసేపు విసిరాక అంది: "ఆయన చెప్పింది నిజమే. ఆ నియమం వామనగుంటల్లో లేదు. నేను పెట్టాను."

"నువ్వు పెట్టావా?"

"తొంభయ్యారు తుఫానప్పుడు. నీకు తొమ్మిదేళ్ళు. దీపావళి ఇంక నాలుగు రోజులుందనగా వచ్చింది. బడి మేడ మీద నూట ఇరవై మందిమి ఉన్నాం మూడు రోజులు. గుర్తుందా?"

శృతికి గుర్తున్నవి ముక్కలు. కిటికీ రెక్క విరిగిన చప్పుడు. కొబ్బరిచెట్లు నేలకి ఒరిగిపోయి ఉండడం. సుద్దముక్కతో గచ్చు మీద గీసిన గుండ్రాలు. తను గెలవడం. గెలిచిన గింజలు పరికిణీలో మూటకట్టుకోవడం.

"పిల్లలు ఆకలని ఏడుస్తుంటే గచ్చు మీద గుంటలు గీసి ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టాను. నీకెదురు బేబి. కూలికెళ్ళే పాపాయి కూతురు, ఆరేళ్ళది. పాపాయి నీళ్ళలో పోయిందని అప్పటికే కబురొచ్చింది. పిల్లకి చెప్పలేదు ఇంకా. నువ్వు దాని గింజలన్నీ గెలుచుకున్నావు. ఆ పిల్ల ఏడవలేదే. తన ముందున్న సుద్ద గుండ్రాలు అరిచేత్తో ఒక్కొక్కటే తుడిచేసుకుంటూ కూర్చుంది. నాకేం లేవు కదండీ, ఇవెందుకు అంది."

శృతి వినలేక లేవబోయింది. దొడ్డమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నీ ఒళ్ళోంచి నాలుగు తీసి దాని ముందు పెట్టాను. నువ్వు నా చెయ్యి కొరికావు. నావి, నేను గెలుచుకున్నాను అన్నావు. జాలిపడవే అంటే వినే వయసు కాదు నీది. అందుకని, ఇది ఆట నియమమే, ఎదుటివాళ్ళని పస్తుంచి ఆడకూడదు, పెట్టకపోతే నువ్వే ఓడిపోయినట్టు అన్నాను. నియమం అనేసరికి ఠక్కున పెట్టేశావు. లెక్క ప్రకారం నాలుగూ పెట్టావు. ఆ తరవాత అటుకుల మూట వస్తే అది కూడా అలాగే పంచావు, ఎవరూ చెప్పకుండా." ఆవిడ మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. "అమ్మవారే పలికించిందనుకున్నాను. అబద్ధమే అనుకో. దిద్దుకోవలసిన అవసరం కనబడక ఉంచేశాను."

"మరి ఎలా ముగిసేది దొడ్డమ్మా ఆట?"

"ముగియడమేంటే? అన్నాల పడవ వచ్చింది రండర్రా అని కేకేస్తే అందరూ లేచిపోయేవారు. గింజలు ఎక్కడివక్కడే."

లాప్‌టాప్ తెర ఒకసారి మసకబారి, బ్యాటరీ అయిపోయి ఆరిపోయింది. శృతి దాని వైపు చూడలేదు. తనకి గెలవడం ఒక్కటే గుర్తుంది. ఎదురుగా ఎవరున్నారో పన్నెండేళ్ళుగా గుర్తు లేదు. ఆ సంగతి ఫెయిలవడం కంటే ఎక్కువ బాధగా ఉంది.

సోమవారం పొద్దున్న బస్సులో, ఒళ్ళో తువ్వాలు మూటతో, శృతి ఒక నిర్ణయానికి వచ్చింది. కాలేజీకి చేరగానే, తీసేసిన పందొమ్మిది లైన్లూ మళ్ళీ పెట్టింది. వాటికింద ఇంకో పన్నెండు రాసింది. కొన్ని ఎత్తులయ్యాక, ఎన్నో ముందుగా ఎవరికీ తెలియకుండా, యంత్రం గంట కొట్టి 'అన్నానికి రండి' అంటుంది. అక్కడితో ఆట ఆగిపోతుంది. గింజలు ఎక్కడివక్కడే.

అనంతకృష్ణ గారు చూసి గడ్డం గోక్కున్నారు. "ఆట ముగుస్తుంది, సరే. గెలిచిందెవరు?"

"ఎవరూ కాదండి."

"ఆయన ఒప్పుకోకపోతే ఏడాది పోతుందమ్మా. తీసేసిన కాపీ నీ దగ్గర ఉంది. అది చూపిస్తే కళ్ళు మూసుకుని డెబ్భై మార్కులేస్తారు. ఆలోచించుకో."

"ఆలోచించుకున్నానండి. భయంగానే ఉంది."

ఆయన పుస్తకంలో ఆ ఒక్క పేజీ మార్చి ప్రింటు తీసుకోడానికి తన గది తాళం ఇచ్చారు. 'సంప్రదాయ నియమం' అన్న మాట కొట్టేసి శృతి అక్కడ ఇలా రాసింది: 'ఈ నియమం వామనగుంటల్లో లేదు. 1996 తుఫానులో, మా ఊరి బడి మేడ మీద, వెంకటరత్నమ్మ గారనే పంతులమ్మ ఒక పిల్ల కోసం పెట్టారు. ఇది సంప్రదాయమని నేను మొదట పొరపాటుగా రాశాను.'

గురువారం శ్రీరామరాజు గారు ఈసారి తనే ఆడతానని కూర్చున్నారు. ముసలయ్య గుమ్మం దగ్గర నిలబడి, తుడిచిన కిటికీనే మళ్ళీ తుడుస్తున్నాడు. రాజుగారు ఆటగాడే. పది నిమిషాల్లో యంత్రం గుంటలు ఖాళీ అయ్యాయి.

"నేను గెలిచాను. అయిపోయినట్టేగా?"

"లేదండి. మీ ఒళ్ళోంచి నాలుగు గింజలు పెట్టాలండి."

"పెట్టకపోతే?"

"అక్కడే ఆగి ఉంటుందండి. మీరు పెట్టేదాకా."

ఆయన చేతులు కట్టుకుని వెనక్కి ఆనుకున్నారు. నిజంగానే ఆగుతుందో లేదో చూద్దామన్నట్టు. తెర మీద ఏడు ఖాళీ గుంటలు అలాగే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది. శృతి అరచేతులు చున్నీకి తుడుచుకుంది. ఆయన పక్కనున్న పుస్తకం తీసి, మార్చిన పేజీ చదివారు. రెండోసారి కూడా చదివినట్టున్నారు. అప్పుడు మీట నొక్కి నాలుగు గింజలు పెట్టారు. ఇంకో ఏడెనిమిది ఎత్తులకి గంట మోగింది.

"అన్నానికి రమ్మంటోందే," అన్నారాయన, గోడ గడియారం వైపు చూసి. పదకొండయింది. ఎవరూ నవ్వలేదు.

కాగితం మీద అంకె వేస్తూ అన్నారు: "ముగుస్తోంది కాబట్టి ఫెయిల్ చెయ్యలేను. గెలుపోటములు లేని ఆటకి ఎక్కువ వెయ్యలేను, నాకు రూల్సు ఉన్నాయి. ఈ పేజీ మాత్రం ముందే ఇలా రాసి ఉండాల్సిందమ్మా."

నూటికి నలభై రెండు. నలభైకి పాసు. శ్రీకాంత్ ఆస్పత్రికి డెబ్భై ఎనిమిది వచ్చాయి. శృతికి ఆ మార్కులతో ఫస్టు క్లాసు జారిపోయింది. హైదరాబాదులో ఆటల కోర్సుకి పెట్టుకుందామనుకున్న అప్లికేషను మొదటి గడిలోనే ఫస్టు క్లాసు అడుగుతోంది. ఆ జూన్‌లో గేమ్స్ టెక్నాలజీలో ఇద్దరే పేరిస్తే కాలేజీ ఆ పాఠాన్నే ఎత్తేసింది. అనంతకృష్ణ గారు మళ్ళీ మామూలు లెక్కల పాఠాలకి వెళ్ళిపోయారు.

కానీ అవన్నీ తరవాతి సంగతులు. ఆ గురువారం ముసలయ్య టీ మూతతో కాకుండా నిండు గ్లాసుతో వచ్చాడు. "తాగండమ్మా. నాది అయిపోయిందిలెండి," అన్నాడు. గ్లాసు ఒకటే ఉందని శృతికి తెలుసు. సగం తాగి సగం ఇచ్చింది. అతను కాదనలేదు.

ఇంటికి ఫోను చేస్తే దొడ్డమ్మే ఎత్తింది.

"పాసయ్యానే దొడ్డమ్మా. నలభై రెండు."

"పోనీలే, గట్టెక్కావు. ఆయన పెట్టారా యంత్రానికి?"

"పెట్టారు. కాసేపు ఆలోచించారు."

"ఆలోచిస్తారు మరి. గెలుచుకున్నవి కదా."

అవతల వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దొడ్డమ్మా, బేబి ఇప్పుడెక్కడుంది?"

"ద్రాక్షారామం దగ్గర ఇచ్చారు. ఒక ఆడపిల్ల. గుడి వెనక వీధిలో పూలు కడుతుంది. శివరాత్రికి వెళితే కనబడింది, వద్దన్నా మూర మల్లెలు పెట్టింది. ఏం?"

"ఏం లేదు. అక్కడికి ఏ బస్సెక్కాలి?"